బడి మాట, ఇంటి మాట



హౌరా నుండి నాగపూర్ మీదుగా ముంబయికి పోవు పెద్ద రైలుదారిలో బిలాస్‌పూర్ ఉన్నది. బిలాస్‌పూర్ విడిచి రాయపూర్ దిక్కుగా కొంత దూరము సాగిన బండికి చకర్‌భాటా అను స్టేషను తగులును. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఏర్పడిన పిమ్మట, పట్టాల పనికిని ఇంజను షెడ్ల పనికిని శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వలసవచ్చిన తెలుగువారు, కొలువు ముగిసిన పిమ్మటను ఊరు విడువలేక, కొడుకులను మనుమలను అక్కడనే చదివించుకొనుచు, ఆ బిలాస్‌పూర్ చుట్టుపట్ల స్థిరపడిపోయిరి. అట్టి ఇంటి పిల్లవాని చదువును గూర్చి, అందులోను వాని బడి మాటలను గూర్చి, మీతో కొంతసేపు ముచ్చటింపవలెనని వచ్చితిని.

ఒక ఇంటిని మనస్సున ఊహించుకొనుడు. స్టేషనుకు దాపున రెండు గదుల క్వార్టరు. తండ్రి పట్టాల మీద పని చేయును. తల్లి వంటయింటిలో ఉన్నది. వసారాలో నాయనమ్మ చింతపండు గింజలు తీయుచున్నది. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమడు సంచి మోసికొని వచ్చి, హిందీ పుస్తకము తెరచి, "నాయనమ్మా, రేపు శిక్షా గురించి నిబంధ్ రాసుకుని వెళ్ళాలి" అనెను. ఆ ముసలమ్మ చేతిలోని చింతపండు క్రిందపెట్టి, "ఏట్రా బాబూ, ఏం తప్పు చేసినావు, నీకు శిక్ష ఎందుకేసినారు?" అని గాభరాపడెను.

పిల్లవాడు తప్పేమియు చేయలేదు. హిందీలో శిక్షా అనగా చదువు. తెలుగులో శిక్ష అనగా దండన. మాట ఒక్కటే, బడిలో దానికి ఒక ముఖము, ఇంటిలో మరియొక ముఖము. ఈ రెండు ముఖముల నడుమ నిలిచిన పిల్లవానికి ఏది నిజమో చెప్పువారు కావలెను. నేటి నా ప్రసంగమంతయు ఈ ఒక్క సంగతిని గూర్చియే.

మొదట నా మాట చెప్పివేసెదను. మాట మూటవంటిది. మూటను మోసినంత మాత్రమున లోపలి సరకు మనది కాదు. విప్పిన నాడే అది మనదగును. పిల్లవాడు బడినుండి దినమునకు పది మూటలు మోసికొని వచ్చుచున్నాడు. వానిని విప్పించు పని ఇంటివారిది. విప్పుటకు కావలసిన పనిముట్టు ఇంటి భాషయే. మరల చెప్పుచున్నాను, బడి మాటను విప్పు పనిముట్టు ఇంటి భాష.

శిక్ష అను మూటనే విప్పి చూతము. సంస్కృతమున ఆ మాటకు మొదటి అర్థము నేర్చుకొనుట, నేర్పుట. వేదమును తప్పులేకుండ ఉచ్చరించుట నేర్పు శాస్త్రమునకు శిక్ష అనియే పేరు. తెలుగులో నేర్పుటకు దండన తోడై, చివరకు దండనయే మిగిలినది. అయినను పాత అర్థము మన ఇంటినుండి పూర్తిగా వెడలిపోలేదు. కొత్తగా కొలువులో చేరినవానికి శిక్షణ ఇచ్చిరని నేటికిని అందుము గదా! ఆ శిక్షణలో నున్నది పిల్లవాని హిందీ పుస్తకములోని శిక్షయే. ఈ సంగతి చెప్పిన యెడల నాయనమ్మ గాభరా తీరును. మనుమనికి ఆ మాట జన్మలో మరపునకు రాదు.

ఇట్టి మాటలు ఇంకను ఉన్నవి. ప్రతి పాఠము చివర హిందీ పుస్తకమున శబ్దార్థ్ అని వ్రాసియుండును. అక్కడ శబ్ద్ అనగా పదము. మనకు శబ్దమనగా చప్పుడు. హిందీలో అవసర్ అనగా మంచి అదను. మనకు అవసరమనగా అక్కర. హిందీలో ఉపన్యాస్ అనగా నవల. మనకు ఉపన్యాసమనగా, ఇప్పుడు నేను మీకు వినిపించుచున్నట్టి ప్రసంగము. అన్నదమ్ములవలె ఒకే ఇంట పుట్టి, వేరు వేరు ఊళ్ళలో కాపురము పెట్టి, వేరు వేరు వృత్తులలో కుదురుకొన్న మాటలివి. పోలిక చూచి ఒకనిని మరియొకడనుకొనుట ప్రమాదము. అట్లని వారు ఎవరికెవరో కారనుట అంతకంటె పెద్ద ప్రమాదము.

సాంఘిక శాస్త్రమునకు వత్తము. పుస్తకమున రాష్ట్రీయ ధ్వజ్ అని ఉన్నది. ఇంటిలో తెలుగువారు రాష్ట్రమనగా ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ వంటివి అని యెరుగుదురు. కావున ఆ జెండా ఛత్తీస్‌గఢ్ జెండా అని పిల్లవాడు తలచిన, తప్పు వానిది కాదు. హిందీలో రాష్ట్ర్ అనగా దేశమంతయు. మన రాష్ట్రమునకు వారు రాజ్య్ అందురు. అయితే మనము రాష్ట్రపతి అనునప్పుడు ఒక్క రాష్ట్రమునకు పతి అని తలతుమా? లేదు. దేశమునకంతకును పతి అనియే తలతుము. చూచితిరా, పాత అర్థమును మనమును ఆ ఒక్క మాటలో భద్రముగా దాచుకొంటిమి. తండ్రి ఈ ఒక్క ముక్క చెప్పిన చాలును, పౌరశాస్త్రములోని పాఠమొకటి పిల్లవానికి ఇంటిపాఠమగును.

ఇక గణితము. ఇక్కడ మనకు గొప్ప సౌకర్యము కలదు. త్రిభుజ్ అని హిందీలో ఉన్నది, త్రిభుజము అని తెలుగులో ఉన్నది. మూట ఒక్కటే, సరకు ఒక్కటే. విప్పుడు: త్రి అనగా మూడు, భుజము అనగా చేయి. మూడు చేతులు ఒకదానినొకటి పట్టుకొని నిలిచిన బొమ్మ. పెద్ద తరగతులలో ఆంగ్లమున ట్రయాంగిల్ అని వచ్చును. దానిని విప్పిన మూడు కోణములని తేలును. ఆంగ్లము మూలలను లెక్కించినది. మన మాట చేతులను లెక్కించినది. మూడు చేతులు కలిసిన మూడు మూలలు ఏర్పడక తప్పదు గదా! ఒక బొమ్మను రెండు వైపులనుండి చూచిన రెండు మాటలివి. రెండింటిని విప్పిన పిల్లవాడు బొమ్మను రెండు వైపుల చూచినవాడగును. ఒక్క మాటను బట్టీపట్టినవాడు దేనిని చూడనివాడుగా మిగిలిపోవును.

ఈ సంగతి జీవశాస్త్రమున మరింత స్పష్టముగా కనబడును. దేహమునందలి అతి చిన్న సజీవ భాగమునకు హిందీ పుస్తకము కోశికా అనును. తెలుగు పుస్తకము కణము అనును. చిక్కేమనగా, హిందీలోను కణ్ అను మాట ఉన్నది. అక్కడ దానికి నలుసు అని అర్థము. ఇంటిలో అక్క తెలుగు పుస్తకము చదివి కణము అనగా, బడిలో తమ్ముడు భౌతికశాస్త్రము చదివి కణ్ అనగా, ఇద్దరును ఒకే మాటతో వేరు వేరు వస్తువులను చూపుచుందురు. అయిన దీనిలోను ఒక వెలుగు కలదు. 1665లో రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెరడు ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి, అందులో చిన్న గదులవంటి అరలు వరుసగా కనబడుటచే, వానికి సెల్ అని పేరిడెను. ఆ భాషలో సెల్ అనగా చిన్న గది. కోశము అనగా వస్తువును దాచు అర. కోశిక అనగా చిన్న అర. హిందీ మాట హుక్ చూచిన గదిని నిలిపికొన్నది. తెలుగు మాట దాని అల్పత్వమును నిలిపికొన్నది. గదివలె గోడలు గలది, నలుసువలె కంటికి ఆననిది. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టిన, వాని నడుమ జీవకణము తన పూర్తి రూపముతో నిలుచును. రెండు భాషలు తెలిసిన పిల్లవానికి ఇది భారము కాదు; ఇది వాని సంపద.

ఆకు తన ఆహారమును వండుకొను పనికి హిందీలో ప్రకాశ్ సంశ్లేషణ్ అని పేరు. తెలుగులో కిరణజన్య సంయోగక్రియ. ఎంత పెద్ద మూటలు! పిల్లవాడు చూచి జడియును. విప్పుడు. ప్రకాశము అనగా వెలుగు, సంశ్లేషణము అనగా కూర్చుట; వెలుగుతో కూర్చుట. కిరణజన్యము అనగా కిరణమువలన పుట్టినది, సంయోగము అనగా కలయిక. కిరణమువలన జరిగిన కలయిక. ఇప్పుడు వానిని వంటయింటి గడపమీద కూర్చుండబెట్టి తల్లి ఏమి చెప్పవలెను? "మనకు పొయ్యి ఉన్నట్టే ఆకుకి ఎండ ఉందిరా. నీళ్ళు వేరు తెస్తుంది. గాలి ఆకు పీల్చుకుంటుంది. ఎండ తగిలితే వంట అవుతుంది." ఇంతియే. ఇంతకంటె ఏ పుస్తకమును గొప్పగా చెప్పలేదు. ఆ తల్లి బడికి పోయినది కాకపోవచ్చును. అయినను ఆ పాఠమును చెప్పుటకు ఆమెకు అర్హత ఉన్నది.

తండ్రి సంగతి చూతము. ఎండకాలమున ఇనుము సాగునని తండ్రికి తెలియును. పట్టాకు పట్టాకు నడుమ సందు ఎందుకు విడుతురో, ఎండ ముదిరిన దినములలో దారి వంకరపోకుండ కాపలా ఎందుకు తిరుగుదురో, ఫిష్‌ప్లేటు బిగువు ఎంత ఉండవలెనో, ఆయన చేతులకు తెలియును. కాని కొడుకు పుస్తకములో ఊష్మీయ ప్రసార్ అను పాఠము వచ్చినప్పుడు, అది తన పనియే అని తండ్రికి తెలియదు. తన తండ్రి పనియే అని కొడుకునకు తెలియదు. వేడిచే వస్తువు వ్యాపించుటయే ఆ ప్రసార్. తెలుగు పుస్తకము దీనిని వ్యాకోచము అనును. మరి ప్రసారము అను మాట తెలుగువారికి కొత్తయా? ఈ క్షణమున మీరు వినుచున్నది ప్రసారమే గదా! వేడికి ఇనుము వ్యాపించును; రేడియోలో గొంతు వ్యాపించును. ఒక సాయంకాలము ఆ తండ్రి కొడుకును వెంటబెట్టుకొని స్టేషను ప్లాట్‌ఫారము చివర నిలిచి, వేలు చూపి, ఆ సందు ఎందుకో చెప్పిన నాడు, భౌతికశాస్త్రములోని ఆ పాఠము వానికి మరి చదువ నక్కరలేదు.

భూగోళశాస్త్రమున ఒక ముచ్చట చెప్పి చరిత్రకు వత్తును. హిందీలో దేశాంతర్ అందురు, తెలుగులో రేఖాంశము అందురు. భూమి మీద ఉత్తరమునుండి దక్షిణమునకు గీసినట్లు మనము ఊహించుకొను గీతలవి. మన దేశమునకంతకును గడియారము నడిపించు గీత 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము. 1906 జనవరి మొదటి తేదీనుండి మన దేశపు ప్రామాణిక కాలమునకు అది ఆధారమైనది. ఆ గీత ఎక్కడ పోవుచున్నది? ఉత్తరమున మీర్జాపూర్ దాపునుండి దిగి, బిలాస్‌పూర్‌కు కొంచెము తూర్పుగా ఛత్తీస్‌గఢ్ నేలను దాటి, దక్షిణమున కాకినాడ ప్రాంతమున తెలుగు తీరమును తాకి సముద్రమున కలియుచున్నది. చకర్‌భాటా స్టేషను గడియారమును కాకినాడ స్టేషను గడియారమును ఆ ఒక్క గీతనే అనుసరించి తిరుగుచున్నవి. "మన తెలుగు తీరమూ, మన ఊరూ ఒక్క గీత దగ్గరే ఉన్నాయిరా" అని చెప్పిన ఇంట దేశాంతర్ అను మాట పరదేశపు మాటగా ఉండునా?

ఇట్లు రెండు మూడు భాషల నడుమ నిలిచి చదువుకొనుట తెలుగు పిల్లలకు నేడు వచ్చిన కష్టము కాదు. నూరేండ్లకు ఎంతో పూర్వము, బిలాస్‌పూర్ నాగపూర్ పట్టణములు రెండును మధ్యపరగణాలు అను ఒకే రాష్ట్రములోనివై యున్న కాలమున, నాగపూర్ ప్రాంతమున ఒక తెలుగు ఇంట ఈ కథయే నడచినది. భండారు మాధవరావుగారు అక్కడ ఉద్యోగము చేయుచుండిరి. ఆయన భార్య భండారు అచ్చమాంబగారు. 1874లో జన్మించిన ఆమెకు చిన్ననాడే వివాహమైనది. బడి ముఖము చూడలేదు. తండ్రిని పోగొట్టుకొన్న తమ్ముడు ఆ అక్క ఇంట ఉండి చదువుకొనుచుండగా, ఆమె తమ్ముని ప్రక్కన కూర్చుండి, వానికి చెప్పు పాఠమును తాను వినుచు, తెలుగును హిందీని అట్లే అభ్యసించెను. పిమ్మట మరాఠీ మొదలగు భాషలును నేర్చి, స్త్రీల చరిత్రములను వెదకి కూర్చి అబలాసచ్చరిత్రరత్నమాల అను గ్రంథమును రచించెను. తెలుగున తొలి కథారచయిత్రులలో ఆమె యొకతె. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే ఆమె కన్నుమూసెను.

ఆ తమ్ముడు ఎవరో మీరు ఊహించియే యుందురు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. పరభాషా ప్రాంతమున చదువుకొని, మరాఠీలో రచనలు చేయగల పాండిత్యమును సంపాదించి, ఆ చదువంతయు తెలుగు మాటలలోనికి దింపవలెనని నడుము కట్టిన మహనీయుడు ఆయన. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకు మూలపురుషుడైనది ఆయనయే. చరిత్రము, జీవశాస్త్రము, అర్థశాస్త్రము మున్నగునవి సామాన్యుడు చదువుకొనదగిన తెలుగులో వెలువడవలెనని ఆ మండలి పాటుపడినది. ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును, కట్టమంచి రామలింగారెడ్డిగారు అర్థశాస్త్రమును ఆ మండలికై తెలుగున రచించిరి. పిమ్మట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టి, ఆ మహాకార్యము నడుమ 1923లో పరమపదించిరి. తెలుగు పాఠ్యపుస్తకములలో నేడు కనబడు శాస్త్రపదములకు ఇట్టివారి పరిశ్రమయే పునాది. ఆ పునాది మీదనే, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను వెలువరించినది.

శ్రోతలారా, ఈ అక్కాతమ్ముల కథను నేను ఎందుకు చెప్పితిని? ఆ ఇంట బడి చదువు ఒక్కని సంచిలోనే ఉండిపోలేదు. తమ్మునికి వచ్చిన మాట అక్కకును వచ్చినది. ఇద్దరును కలిసి విప్పిరి. అందుచే ఒక్కరి చదువు ఇద్దరి చదువైనది. ఇద్దరి చదువు పిమ్మట జాతి చదువైనది. చకర్‌భాటాలోని మన రెండు గదుల క్వార్టరునకు ఇంతకంటె దగ్గరి ఆదర్శము వేరొకటి లేదు.

ఇంకొక మాట. ఈ కష్టము తెలుగు పిల్లవానికి మాత్రమే అనుకొనవలదు. వాని ప్రక్క బల్లమీద కూర్చున్న ఛత్తీస్‌గఢీ పిల్లవాని సంగతి చూడుడు. వాని ఇంటి భాష ఛత్తీస్‌గఢీ, పుస్తకము హిందీ. మనము మాట అనుదానిని వాని తల్లి గోఠ్ అనును. పుస్తకము బాత్ అనును. హీరాలాల్ కావ్యోపాధ్యాయగారు 1885లోనే ఆ భాషకు వ్యాకరణము రచించిరి. 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ దానిని రాజభాషగా అంగీకరించినది. అయినను ఆ పిల్లవాడును, మనవానివలెనే, ఇంటి గడపవద్ద ఒక భాషను విడిచి, బడి గడపవద్ద మరియొక భాషను ఎత్తుకొనుచున్నాడు. ఇద్దరును కూర్చుండి, మీ ఇంట దీనిని ఏమందురు, మా ఇంట దీనిని ఏమందురు అని మాటలు మార్చుకొన్న దినమున వారి స్నేహమును పెరుగును, చదువును పెరుగును.

మరి ఇంటివారు చేయవలసినది ఏమి? పెద్ద పని కాదు. ఒక నోటుబుక్కు తెచ్చి, పుటకు మూడు గడులు గీయించుడు. మొదటి గడిలో బడి మాట. రెండవ గడిలో దాని ఇంటి చుట్టము. మూడవ గడిలో ఆ మాట కంటికి కనబడు చోటు. ప్రసార్ అని మొదటి గడిలో వ్రాసిన, వ్యాకోచము అని రెండవ గడిలో వ్రాయుడు, పట్టాల సందు అని మూడవ గడిలో వ్రాయుడు. అమ్ల్ అని వ్రాసిన, ప్రక్కన ఆమ్లము అనియు, దాని ప్రక్కన నాయనమ్మ చేతిలోని చింతపండు అనియు వ్రాయుడు. చింతపండుతో తోమిన రాగిచెంబు ఏల మెరయునో నాయనమ్మనే అడుగుమని పంపుడు. దినమునకు ఒక్క మాట చాలును. పది మూటలలో ఒక్కటి విప్పినను, తక్కిన తొమ్మిదింటిని విప్పు ఉపాయము పిల్లవానికి అలవడును.

పరీక్షలో మాత్రము పుస్తకము చెప్పిన మాటనే వ్రాయవలెనని పిల్లవానికి స్పష్టముగా చెప్పుడు. హిందీ మాటను ఇంటిలో పలికినందుకు వానిని కసరవలదు. తెలుగు మాటను బడిలో పలికినందుకు సిగ్గుపడనీయవలదు. వ్రాయునది బడి భాష, అర్థము చేసికొనునది ఇంటి భాష. ఈ రెండింటికిని తగవు లేదు. ఉపాధ్యాయులకును నా మనవి ఇదియే. తరగతిలో కొత్త మాట చెప్పినప్పుడు, మీ ఇంటిలో దీనిని ఏమందురో రేపు అడిగి రమ్ము అని ఒక్క వాక్యము చేర్చుడు. ఆ వాక్యముతో ఆ బడికి నూరు ఇండ్ల తలుపులు తెరచుకొనును.

మొదట చెప్పిన మాటయే చివరను చెప్పుచున్నాను. మాట మూటవంటిది, విప్పినవానిదే సరకు. ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు, ఎన్ని మార్కులు వచ్చినవని మీ పిల్లవానిని అడుగవలదు. "ఈరోజు ఏ మాట తెచ్చావురా?" అని అడుగుడు. వాడు చెప్పిన మాటను ఇంటిల్లిపాదియు కూర్చుండి విప్పుడు.